మన ఊరి ఎర్ర జట్టు



మేము రాలీ వచ్చిన కొత్తలో బాస్కెట్‌బాల్ అంటే బుట్టలో బంతి వేయడమని తప్ప మరేమీ తెలియదు. నార్త్ కరొలినా స్టేట్ కాలేజీ ఆటకు నాన్నగారు మమ్మల్ని రెనాల్డ్స్ కొలీజియంకు తీసుకెళ్ళింది, నిజం చెప్పాలంటే, లోపల వెచ్చగా ఉంటుందనే! తరువాత అది అలవాటైపోయింది.

1983 ఏప్రిల్ 4 రాత్రి అల్బుకర్కీలో హ్యూస్టన్‌తో ఫైనల్. టీవీ ముందు అందరం. 52-52. ఆఖరి క్షణాల్లో విటెన్‌బర్గ్ దూరం నుంచి విసిరిన బంతి రింగునైనా తాకలేదు. లొరెంజో చార్లెస్ దాన్ని గాలిలోనే అందుకుని బుట్టలో కుక్కాడు. 54-52! కోచ్ జిమ్ వల్వానో ఎవరిని కౌగలించుకోవాలో తెలియక కోర్టంతా పరుగెత్తాడు. నాన్నగారు వీధిలోకి పరుగెత్తి పక్కింటాయనను కౌగలించుకున్నారు. అంతవరకు వారిద్దరిదీ తల ఊపుకునే పరిచయమే.

వల్వానో 1993లో క్యాన్సర్‌తో పోయాడు. తరువాత నాన్నగారూ వెళ్ళిపోయారు. జట్టు ఓడుతూనే ఉన్నా మేము మానలేదు.

2024 మార్చిలో ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలిచి ఏ.సి.సి. టైటిల్ తెచ్చారు. 1983 తరువాత మొదటిసారి ఫైనల్ ఫోర్ చేరారు. అదే ఏడు ఆడపిల్లల జట్టూ చేరింది. పర్‌డ్యూతో 63-50కి ఓడిన రాత్రి మా అబ్బాయి తాతగారి ఎర్ర టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఆట అయిపోయినా టోపీ తీయలేదు.