గుడారంలో రాత్రి గడిపేవారికి ఆరోగ్య సూచనలు

(యువజనుల సెలవుల క్యాంపుకు ముందు జరిగిన ఆరోగ్య అవగాహన కూడికలో మిషన్ ఆసుపత్రి సిస్టర్ గారు చేసిన ప్రసంగం)



ఇదివరకు యూత్ క్యాంపు అంటే ఏదో ఒక స్కూలు హాలులో చాపలు పరచుకుని పడుకునేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు టెంట్లు కావాలంటున్నారు. లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి, అరకు, ఇటు వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలు, అన్నిచోట్లకీ టెంట్లు వేసుకోవడానికి వెళ్తున్నారు. మంచిదే. దేవుని సృష్టిని చూడటం ఆత్మకూ శరీరానికీ మేలు. మన పితరుడైన అబ్రాహాము గుడారాల్లోనే నివసించాడు. పౌలు, అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బ్రతికారు. కాబట్టి గుడారం మనకు కొత్తది కాదు.

అయితే ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి. ఇంటికీ గుడారానికీ తేడా గోడ ఒక్కటే కాదు. ఇంటి దగ్గర ఆపద వస్తే ఆసుపత్రి పది నిమిషాల్లో ఉంటుంది. అక్కడ గంటో, రెండు గంటలో పడుతుంది. ఆ గంటా రెండు గంటల్లో ఏం చెయ్యాలో బయలుదేరక ముందే తెలిసి ఉండాలి. ఈ రోజు నేను చెప్పేదంతా అందుకోసమే.

స్థలం చూసుకోవడం

రిజర్వు అడవిలో అటవీశాఖ వారి అనుమతి లేకుండా రాత్రి బస చేయకూడదు. అనుమతి ఉన్న చోటికే, వెలుతురు ఉండగానే చేరుకోండి. చీకటి పడ్డాక టెంటు వేస్తే కింద ఏముందో కనబడదు.

వాగు ఒడ్డున ఇసుక మెత్తగా, చదునుగా ఉందని అక్కడ వేయకండి. పైన ఎక్కడో కొండలో వాన పడితే ఇక్కడ చుక్క పడకుండానే వాగు పొంగుతుంది. డ్యాముల కింద ఉన్న నదులు ఇంకా ప్రమాదం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫోటోలు తీసుకుంటున్న మన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. అది గుర్తుంటే ఏ పిల్లవాడూ నది మధ్య రాయి ఎక్కడు.

ఒంటరి చెట్టు కింద వద్దు, పిడుగు భయం. ఎండు కొమ్మల కింద వద్దు. తల ఎత్తి చూసి తేనెపట్టు ఉంటే అక్కడ మంట పెట్టవద్దు. పుట్టలు, రాళ్ళ కుప్పలు, పొదలకు దూరంగా, చదునైన శుభ్రమైన నేల చూసుకోండి. ఉరుములు వినబడితే టెంటు మనల్ని కాపాడదు. బస్సులోకో, పక్కా భవనంలోకో వెళ్ళి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటకు రండి.

పాముకాటు

మీలో చాలామంది దీని కోసమే వచ్చి కూర్చున్నారని తెలుసు. కాస్త నిదానంగా చెప్తాను.

2020లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58,000 మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన తెలుగు ప్రాంతం కూడా ఉంది. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే జరిగాయి. కాబట్టి వానాకాలం క్యాంపులకు మరీ జాగ్రత్త.

మన ప్రాంతంలో ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. వీటిలో గుడారంలో పడుకునేవారు ఎక్కువ భయపడవలసింది కట్లపాముకు. ఇది రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటు వేస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతులు. ఆ తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు, చివరకు ఊపిరి ఆడదు.

మా వార్డుకు ఇలా ఒక కుర్రవాడు వచ్చాడు. చేను కావలికి వెళ్ళి నేల మీద పడుకున్నాడు. పొద్దున్నే కడుపునొప్పి అంటే ఇంట్లో గ్యాస్ అనుకుని సోడా తాగించారు. కళ్ళు మూసుకుపోతుంటే నిద్ర మత్తు అనుకున్నారు. వాళ్ళ అమ్మ మాత్రం ఊరుకోలేదు. “వీడు కావాలని కళ్ళు మూయడం లేదమ్మా, తెరవలేకపోతున్నాడు” అంటూ ఆటో ఎక్కించుకుని వచ్చింది. విషానికి విరుగుడు మందు ఇచ్చి, రెండు రోజులు వెంటిలేటరు మీద ఉంచితే బ్రతికాడు. కాబట్టి రాత్రి నేల మీద పడుకున్నవారికి తెల్లవారి కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలుతుంటే, కాటు కనబడకపోయినా పాముకాటే అనుకుని ఆసుపత్రికి బయలుదేరండి.

ఇంకొక మాట. అలాంటి రోగి కదలలేడు, కళ్ళు తెరవలేడు, కాని చాలాసార్లు మన మాటలన్నీ వింటుంటాడు. అతని పక్కన కూర్చుని “ఇక లాభం లేదు” అనకండి. చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పండి. ఊపిరి ఆగిపోతే నోటితో ఊపిరి ఊదుతూనే తీసుకురండి. ఊపిరి అందుతూ ఉంటే ప్రాణం నిలిచే అవకాశం ఉంది.

కాటు పడగానే చేయవలసినవి:

1. పాము నుంచి దూరంగా జరగండి. దాన్ని వెంబడించి చంపే పని పెట్టుకోవద్దు.
2. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ వెంటనే తీసేయండి. వాపు వస్తే అవి బిగుసుకుపోతాయి.
3. చెయ్యి గాని కాలు గాని విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి, కదలకుండా వదులుగా కట్టండి.
4. నడిపించకండి, పరుగెత్తించకండి. మోసుకుని బండి ఎక్కించండి. వాంతులు అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
5. కాటు పడిన సమయం కాగితం మీద రాసి ఇవ్వండి.

చేయకూడనివి: తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, ఐసు పెట్టవద్దు, పసరు పోయవద్దు. వేపాకు, మిరపకాయ నమిలించి చేదు, కారం తెలుస్తోందా అని పరీక్షలు పెట్టవద్దు. ఆ పరీక్షలో పోయేది సమయం.

“మా ఊరిలో మంత్రం వేస్తే బ్రతికారు కదా సిస్టర్” అని అడుగుతారు. మన చుట్టూ తిరిగే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషపు పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. అలాంటివారు మంత్రం వేసినా బ్రతుకుతారు, వేయకపోయినా బ్రతుకుతారు. విషం ఎక్కినవారికి మాత్రం విరుగుడు ఇంజక్షన్ ఒక్కటే మందు. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. “ఆ ఇంజక్షన్ మేమే క్యాంపుకు తీసుకువెళ్ళవచ్చా?” అని కూడా అడుగుతారు. వద్దు. అది గుర్రాల రక్తం నుంచి తయారు చేసే మందు. కొందరికి ప్రాణాపాయమైన ఎలర్జీ వస్తుంది. డాక్టరు గారు పక్కన ఉండి ఇవ్వవలసిందే.

విశ్వాసులమైన మనకు మరొక ప్రశ్న. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో పౌలు గారు మెలితే ద్వీపంలో చితుకులు ఏరి మంటలో వేస్తుంటే, వేడికి సర్పం బయటికి వచ్చి ఆయన చెయ్యి పట్టింది. ఆయనకు హాని కలగలేదు. “మనకూ అలాగే ప్రార్థన చాలదా?” అంటారు. ఆ సంగతి రాసిన లూకా గారు వైద్యుడు. ఆయన పౌలుతో కలిసి ప్రయాణం చేసినవాడు. దేవుడు అద్భుతం చేయగలడు, వైద్యుణ్ణి కూడా పక్కన ఉంచగలడు. ప్రభువును శోధించకూడదని యేసు ప్రభువే సాతానుకు జవాబు చెప్పాడు. కాబట్టి ప్రార్థన మానవద్దు. బండి ఎక్కించి, బండిలో ప్రార్థన చేయండి. కూర్చోబెట్టి ప్రార్థన ముగిశాక బండి పిలుద్దాం అనుకోవద్దు.

కాటు పడకుండా ఉండటానికి: టెంటు జిప్పు ఎప్పుడూ పూర్తిగా వేసి ఉంచండి. జిప్పు పాడైన టెంటు అద్దెకు తీసుకోవద్దు. తిండి పదార్థాలు లోపల పెడితే ఎలుకలు వస్తాయి, వాటి వెనుక పాములు వస్తాయి. కట్టెలు వెలుతురు ఉండగానే, కర్రతో కదిలించి ఏరండి. రాత్రి బయటకు వెళ్తే టార్చిలైటు, బూట్లు తప్పనిసరి. తెల్లవారి బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్ళు వాటిలో దూరుతాయి.

చలి, నిప్పు

లంబసింగిలో చలికాలం రాత్రులు దాదాపు సున్నా డిగ్రీల దాకా పడిపోతాయి. చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి టెంటు లోపల పెట్టుకుని జిప్పు వేసుకోవద్దు. బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, తరువాత మత్తు. నిద్రలో ఉన్నవారు అలాగే పోతారు. మంట ఆరినా, బొగ్గులు ఎర్రగా ఉన్నంతసేపు ఆ వాయువు వస్తూనే ఉంటుంది. పొడి బట్టలు, ఉన్ని టోపీ, కింద మందపు పరుపు, మంచి రగ్గు, ఇవే చలికి మందు. వంట టెంట్లకు దూరంగా చేయండి.

నీళ్ళు, మరుగుదొడ్డి

సెలయేరు తేటగా ఉందని తాగవద్దు. పైన పశువులు దిగి ఉండవచ్చు. నీళ్ళు తెర్లి బుడగలు వచ్చాక ఒక నిమిషం మరగనిచ్చి చల్లార్చుకోండి. పటిక వేస్తే మురికి దిగుతుంది గాని క్రిములు చావవు. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు ఒక ఆజ్ఞ ఉంది. పాళెము వెలుపల ఒక చోటు ఉండాలి, పనిముట్టుతో గొయ్యి తవ్వి మలాన్ని కప్పాలి. మనమూ అదే చేద్దాం. నీటికి 70 అడుగులు వేసినంత దూరంలో జానెడు లోతు గొయ్యి, పని అయ్యాక మట్టి, తరువాత సబ్బుతో చేతులు.

ఆడపిల్లల సంగతి నాయకులు ప్రత్యేకంగా చూడాలి. చాటు లేకపోతే వాళ్ళు నోరు తెరిచి అడగరు. నీళ్ళు తాగడం మానేస్తారు, మూత్రం బిగబట్టుకుంటారు, చీకటి పడ్డాక పొదల చాటుకు వెళ్తారు. మూత్రంలో మంట, జ్వరం అలా వస్తాయి. పాముకాటు ప్రమాదం కూడా అప్పుడే. టెంటు వేయడానికి ముందే వాళ్ళకు పరదా కట్టిన చోటు ఏర్పాటు చేసి, లైటు పెట్టి, ఒక అక్కను బాధ్యురాలిగా ఉంచండి. వాడిన ప్యాడ్లు కాగితంలో చుట్టి, కవరులో వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలి.

ఇంటికి వచ్చాక జ్వరం

1897లో రోనాల్డ్ రాస్ గారు దోమలో మలేరియా క్రిమిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. కాని ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఇంకా పోలేదు. ఆ దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి. తిరిగి వచ్చిన నెలరోజుల లోపు జ్వరం వస్తే రక్త పరీక్ష చేయించుకుని, “మేము అడవిలో పడుకుని వచ్చాం” అని డాక్టరు గారికి తప్పక చెప్పండి. చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో సిగరెట్టు కాలినట్టు నల్లటి పొక్కు కనబడితే అదీ చూపించండి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. మొదట్లోనే గుర్తిస్తే మామూలు మాత్రలతో తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నాయకులకు చివరి మాట

బయలుదేరే ముందు మూడు పనులు చేయండి. మొదటిది, ఉబ్బసం, మూర్ఛ, షుగరు ఉన్న పిల్లల పేర్లు, వారి మందులు రాసుకోండి. రెండవది, క్యాంపుకు దగ్గరలో పాముకాటు మందు ఉన్న ఆసుపత్రి ఏదో ఫోను చేసి కనుక్కోండి. రంపచోడవరమా, చింతపల్లా, పాడేరా, ఏదైనా సరే, మందు ఉందని చెప్పించుకుని ఆ నెంబరు గోడ పత్రిక మీద కాకుండా మీ జేబులో ఉంచుకోండి. మూడవది, ఒక బండి, ఒక డ్రైవరు రాత్రంతా క్యాంపులోనే ఉండాలి. బండిలో డీజిలు నిండుగా, బండి ముఖం రోడ్డు వైపు. 108కి ఫోను చేయండి, కాని ఘాట్ రోడ్లలో చాలా చోట్ల సిగ్నల్ దొరకదు. అంబులెన్సు వచ్చేదాకా కూర్చోకుండా ఎదురు వెళ్ళండి.

తల్లిదండ్రులారా, మీ పిల్లల్ని పంపడం మానవద్దు. ఆ మూడు పనులు జరిగాయా అని నాయకుల్ని అడిగి పంపండి. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోకూడదు.

ఇశ్రాయేలీయుల గుడారాలపై రాత్రి అగ్నిస్తంభముగా నిలిచిన దేవుడు మీ గుడారాలను కూడా కాపాడి, మిమ్మల్నందరినీ క్షేమముగా ఇళ్ళకు చేర్చును గాక. ఆమేన్.