మేము కట్టిన గూడుబండి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమైన తరువాత కవిత్వమో సంగీతమో విందామని మీరు కూర్చున్నారు. మేము ఇనుప పైపులను గురించి చెప్పుటకు లేచినాము. వారమంతా ఈ హొసూరు కర్మాగారాలలో ఇనుముతో పెనుగులాడి, ఆదివారం కూడ ఇనుమేనా అని ఇంటివారు మమ్ములను అడిగినారు. మీరూ అడుగవచ్చును. సమాధానం చివరకు మీకే తెలుస్తుంది.

మేము కట్టినది కారు వెనుక తగిలించుకొని పోయే చిన్న ఇల్లు. ఇద్దరు పడుకొనుటకు చోటు, వెనుక తలుపు పైకెత్తితే వంటిల్లు. ఇది మా కల్పన కాదు. 1885లో ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు బ్రిస్టల్ నగరపు కర్మాగారంలో ఇటువంటి ఇంటిని విహారము కొరకు చేయించుకొన్నాడు. దానిని లాగినవి గుర్రాలు. 1930ల నాటికి అమెరికాలో కార్లకు తగిలించే నీటిబొట్టు ఆకారపు బండ్లు వచ్చినవి. 1947లో అక్కడి మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఇంటిలోనే కట్టుకొనుటకు నమూనా ప్రచురించినది. ప్లైవుడ్ పలక ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. మా బండికీ అదే కొలత పెట్టుకొన్నాము. కోత తక్కువ, వృథా తక్కువ.

మూడు నెలల ఆదివారాలు పట్టినది. పైపులు అతికి చట్రం చేసినాము. దాని క్రింద కమాన్లు, ఇరుసు, చక్రాలు బిగించినాము. నీటికి చెడని ప్లైవుడ్‌తో గూడు కట్టి, పైన అల్యూమినియం రేకు తొడిగినాము. అతుకులలో నీరు దిగకుండా బంక పట్టించుటకే రెండు ఆదివారాలు పోయినవి. అంతా అయిన తరువాత తూకం వేస్తే 360 కిలోలు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడ వాహనంగానే లెక్కిస్తుంది. రిజిస్ట్రేషను లేనిదే బాట ఎక్కరాదు. కనుక పరీక్షకు మాలో ఒకరి మామిడితోపులోనే బండిని నిలిపి, కారు నుంచి విడదీసి, ముందు కొక్కెం క్రింద ఒక దిమ్మ పెట్టినాము. పిల్లలు చుట్టూ మూగినారు. పదేండ్ల కుర్రవాడొకడు వెనుక అంచుపైకి ఎక్కినాడు. అంతే! ముందు కొక్కెం గాలిలోకి లేచినది. వెనుక భాగం నేలకు కొట్టుకొన్నది. వంటింటి గిన్నెలన్నీ దొర్లినవి. కొక్కెం వద్ద వంగిన మిత్రుని గడ్డానికి జానెడు దూరంలో ఇనుము పోయినది. కుర్రవానికి దెబ్బ తగలలేదు. మాకు మాత్రం నోట మాట రాలేదు.

గట్టు మీద కూర్చున్న అవ్వ నవ్వి, "ఏమప్పా, మొగ్గు చూసుకోకనే బండి కట్టినారా?" అన్నది.

అవ్వ వయసులో ఉన్నప్పుడు డెంకణికోట సంతకు ఎద్దులబండి తోలినదట. ఆమె చెప్పినది ఇది. బరువు మరీ ముందుకు మొగ్గితే కాడి ఎద్దు మెడను అణుస్తుంది. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేచి, మెడకు కట్టిన పలుపు బిగిసి ఎద్దుకు ఊపిరాడదు. ముందుకు కొంచెం మొగ్గవలె, అంతే.

మేము ఇంటి తూకపు యంత్రాన్ని కొక్కెం క్రింద పెట్టి చూచినాము. ఎనిమిది కిలోలు! మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్లు ముందుకు ఉండవలెనని ఈ బండ్లు కట్టేవారి లెక్క. అంతకు తగ్గితే బాట మీద వేగం హెచ్చినప్పుడు బండి తోక ఊపి, కారును కూడ ఈడ్చుకొనిపోవును. అవ్వకు ఆ లెక్క తెలియదు. విషయం తెలుసు.

ముందు భాగంలో నాలుగు రాళ్లు వేస్తే సరిపోవును కదా అని మాలో కొందరన్నారు. నమూనా గీసిన మిత్రుడు చిన్నబోయి రెండు వారాలు రాలేదు. అవ్వనే అడిగినాము. "రాళ్లేస్తే మొగ్గు సరిపోతుంది. మోసే ఎద్దు ఏమనుకోవాల?" అన్నది. ఆ మాట విని మిత్రుడే తిరిగి వచ్చి, కమాన్ల అతుకులు కోసి, ఇరుసును పది అంగుళాలు వెనుకకు జరిపినాడు. ఇప్పుడు కొక్కెం మీద 36 కిలోలు. ఆ బరువు మోయగలదో లేదో కారు పుస్తకంలో చూచుకొన్నాము. వెనుక మూలలకు దించుకొనే కాళ్లు కూడ అమర్చినాము. ఆ రాత్రి తోపులో ఇద్దరు పిల్లలు అందులోనే పడుకొన్నారు.

మరునాడు ఆ పిల్లలు గ్రీజు డబ్బా చూపి ఇదేమని అడిగితే, అవ్వ "కందెన" అన్నది. ఇరుసు, కాడి, నొగ, శీల, కందెన అన్నీ వరుసగా చెప్పించుకొన్నారు. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివే పిల్లలు. ఇంటి తెలుగులో ఈ మాటలకు ఇన్నాళ్లూ పని లేకపోయినది. పని దొరికిన వెంటనే మాటలు తిరిగి వచ్చినవి.

ఆదివారం కూడ ఇనుమెందుకన్న ప్రశ్నకు ఇదే మా సమాధానం. బండికి రిజిస్ట్రేషను దొరికేదాకా అది తోపులోనే ఉంటుంది. అవ్వ గట్టు మీదనే ఉంటుంది. మీ పిల్లలను పంపండి.