మన పేట ఫౌజీ దాదా

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్యాభివృద్ధి గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం. అందుచేత ఈసారి మన పేటలోనే బతికి మన పేటలోనే పోయిన ఒక ముసలాయన గురించి చెబుతాను. పెద్దవాళ్లకి ఆయన పేరు చెప్పనక్కర్లేదు. మన ఇళ్లలో ఫౌజీ దాదా అనేవాళ్లం. అవతలి వీధిలో మిలట్రీ సాయిబు గారు అనేవారు.

1942 ఏప్రిల్ 6న జపాను వాళ్లు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశారు. అప్పటికే రంగూను జపాను చేతిలోకి పోయింది. అక్కణ్ణించి బియ్యం రావడం ఆగిపోయింది. అక్కడ బతకడానికి వెళ్లిన మన గోదావరి జిల్లాల జనం కొందరు ఓడలెక్కి, కొందరు అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. జనం తీరం నించి లోపలికి పారిపోతున్న ఆ రోజుల్లో, కొబ్బరికాయలు పడవలకి ఎత్తే కూలి పని చేసుకునే ఈయన ఎదురెళ్లి పటాలంలో చేరాడు. దేశభక్తా దాదా అని అడిగాను ఒకసారి. "రెండు పూటలా రొట్టె పెడతామన్నార్రా" అన్నాడు. ఆయన అబద్ధం ఆడేవాడు కాదు.

ఆ యుద్ధంలో మన దేశపు సైన్యం రెండు లక్షల నించి 25 లక్షలకు పెరిగింది. ఎద్దుబండి తోలడం కూడా రానివాళ్లని కూర్చోబెట్టి లారీ తోలడం నేర్పారు. ఫౌజీ దాదా అలా డ్రైవరయ్యాడు. 1944లో ఇంఫాల్ వైపు కొండదారుల్లో వర్షంలో రేషను, మందుగుండు మోశాడు. ఆ ఏడాది డిసెంబరులో చింద్విన్ నది మీద కలేవా దగ్గర ఇంజనీర్లు 1,154 అడుగుల బెయిలీ వంతెన వేశారు. ఆ రకం వంతెనల్లో అప్పటికి ప్రపంచంలో అంత పొడుగుది లేదు. దాని మీద లారీ నడిపానని చెప్పుకునేవాడు. యానాం వెళ్లడానికి ఎదుర్లంక రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడల్లా, "అక్కడ తుపాకులు పేలుతుంటే వేశారురా వంతెన, ఇక్కడ ఏవొచ్చింది వీళ్లకి" అని విసుక్కునేవాడు. ఆ వంతెన 2002లో వచ్చింది. చూడ్డానికి ఆయన లేడు.

ఉర్దూ చెప్పే పంతులుని గనుక ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో పటాలంలో సిపాయిలకి ఉర్దూని ఇంగ్లీషు అక్షరాల్లో నేర్పేవారు, రోమన్ ఉర్దూ అని. ఫౌజీ దాదా నేర్చిన చదువంతా అదే. ఇంటికి ఉత్తరాలు అందులోనే రాసేవాడు. ఇక్కడ మౌల్వీ గారికి ఇంగ్లీషు అక్షరాలు రావు. పోస్టుమాస్టరు గారికి ఉర్దూ రాదు. చివరికి పోస్టుమాస్టరు గారు ఒక్క ముక్క అర్థం కాకుండా గట్టిగా చదివేవారట. వీళ్ల అమ్మ అరుగు కింద కూర్చుని అంతా అర్థం చేసుకుని ఏడ్చేదట. ఆయన కంగారు పడి, "ఏవైనా చెడ్డవార్తా అమ్మా?" అని అడిగేవారట!

1946లో యుద్ధం పనైపోయిందని లక్షల మందితో పాటు ఈయన్నీ ఇంటికి పంపేశారు. సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఈయనది నాలుగేళ్లు. చేతికొచ్చింది ఒక డిశ్చార్జి కాయితం, ఆరు కోణాల బర్మా స్టార్ పతకం, లారీ తోలే విద్య. ఆ విద్యతోనే అంబాజీపేట నించి కొబ్బరి లోడు తోలుతూ అయిదుగురు పిల్లల్ని పెంచాడు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలట్రీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికే ఆ ఊరి నించి 90 మంది వెళ్లారు. అక్కడ సిపాయి లేని ఇల్లు వెతుక్కోవాలి. ఒకడికి కాయితం వస్తే పదిమంది చదివి చెబుతారు. స్థూపం కట్టుకున్నారు, సంఘం పెట్టుకున్నారు. మన పేటలో ఉన్నది ఒక్కడు. ఒక్కడైతే పండగనాడు పతకం చూసి మురుస్తారు గానీ, కాయితం గురించి ఎవరూ అడగరు. నేనూ ఏటా పిల్లలకి వీర్ అబ్దుల్ హమీద్ పాఠం చెబుతాను, 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది తుపాకితో ట్యాంకుల్ని ఎదిరించి ప్రాణం ఇచ్చినాయన. చెప్పాల్సిందే. కానీ ప్రాణంతో తిరిగొచ్చి మన పక్కింట్లో ముసలివాడైపోయినవాడికి పాఠం లేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీ అందరికీ గుర్తే. కోనసీమలో కొబ్బరిచెట్టు నిలబడ్డ తోట లేదు. ఎంతమంది పోయారో మనకి తెలుసు. దాదా ఇంటి పైకప్పు లేచిపోయింది. ట్రంకుపెట్టెలో పతకం మిగిలింది, డిశ్చార్జి కాయితం ముద్దయిపోయింది. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. దాదా మా ఇంటికొచ్చాడు. "బేటా, యుద్ధంలో చేసినవాళ్లకి ఏదో సాయం ఇస్తున్నారట. రికార్డు ఆఫీసుకి ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టు" అన్నాడు. తన ఆర్మీ నంబరు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. యాభై ఏళ్లయినా ఒక్క అంకె తడుముకోలేదు.

రాశాను. సాఫీగా ఎత్తి రాద్దామని ఫిజిక్సు నోటుపుస్తకంలో పెట్టాను. ఆయన వారానికొకసారి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "రేపు దాదా" అనేవాణ్ణి. తర్వాత పరీక్షలన్నాను. ఆయన ఒక్కసారీ కోప్పడలేదు. పరీక్షలయ్యాక, వేసవిలో, ఆయన జనాజా మోసిన తర్వాత నోటుపుస్తకం తీశాను. కాయితం అందులోనే ఉంది.

అప్పుడు పోస్టు చేశాను. రెండు నెలల్లో జవాబొచ్చింది. నంబరు, పేరు, సర్వీసు అన్నీ సరిపోయాయని రాశారు. బతికుండగా వేసి ఉంటే అదే జవాబు ఆయన చేతికొచ్చేది. ఇక దాదీ సంగతి చూద్దామంటే రికార్డులో భార్య పేరు లేదు. ఎలా ఉంటుంది, నికా అయింది పటాలం నించి వచ్చాక. రేషన్ కార్డులో బీబీ, ఓటరు జాబితాలో బేగం. పాత నికా కాయితం కూడా తుఫానులోనే పోయింది. ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే 2001లో దాదీ కూడా వెళ్లిపోయింది.

ఆ యుద్ధం నాటివాళ్లు మన మధ్య ఇక లేరు. కానీ పింఛను రాకముందే పటాలం విడిచి వచ్చినవాళ్లు, వాళ్ల వెనక మిగిలిన ఆడవాళ్లు ఉన్నారు. 65 ఏళ్లు దాటి, పింఛను లేని, హవల్దారు హోదా వరకు చేసిన మాజీ సైనికులకి, వాళ్ల వితంతువులకి కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంట్ అని ఇస్తుంది. నెలకు 4,000 రూపాయలుండేది, 2025 నవంబరు నించి 8,000 చేశారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి. ఇప్పుడు సర్వీసులో ఉన్న కుర్రాళ్లు పెళ్లి కాగానే భార్య పేరు రికార్డులో ఎక్కించుకోవాలి, పార్ట్ టూ ఆర్డర్ అంటారు దాన్ని. ఆధార్‌లో, నికానామాలో, ఆర్మీ పుస్తకంలో పేరు ఒక్కలాగే ఉందో లేదో చూసుకోండి. బీ, బీబీ, బేగం మన నోటికి ఒకటే గానీ ఆఫీసులో ముగ్గురు మనుషులు.

కార్యదర్శి గారిని అడిగి ఒక రిజిస్టరు తెచ్చాను. సభ అయ్యాక భోజనాల దగ్గర, తలుపు పక్క బల్ల మీద కూర్చుంటాను. డిశ్చార్జి పుస్తకం ఉన్నవాళ్లు తెండి, జెరాక్సు తీసి ఇక్కడ ఒకటి దాచుకుందాం. అర్జీ రాయాల్సి వస్తే భోజనానికి లేవకముందే రాసిస్తాను.