జట్టుల ఎంపిక - న్యాయధర్మము
(కామారెడ్డి పఠనమందిరమున ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



ఈ పఠనమందిరమునకు వచ్చినప్పుడెల్ల నేనొక సంగతి గమనించుచున్నాను. ప్రొద్దున పత్రిక బల్లమీద పడగానే మన యువకులు మొదట త్రిప్పునది ఆటల పుట. దేశపు జట్టు ప్రకటింపబడిన దినమున ఇచ్చట జరుగు వాదము మా న్యాయస్థానమున జరుగు వాదమునకు ఏమాత్రము తీసిపోదు. ఎవరికి చోటు దక్కవలసినది, ఎవరికి అన్యాయము జరిగినది, ఎవరి వెనుక ఎవరున్నారు అను ప్రశ్నలతోనే సాయంకాల మగును. మొన్న ఎల్లారెడ్డినుండి వచ్చిన యొక మిత్రుడు ఈ వాదమును కొంతసేపు విని, "వకీలుగారూ, ఆటగాండ్ర సంగతికై ఇంత రభస యేల? ఎవరాడిన నేమి, దేశము గెలిచిన చాలదా?" యని నన్నడిగెను. ఆయనకు నేనానాడు సరిగా జవాబు చెప్పలేకపోతిని. నేటి నా మాటలే ఆ జవాబు.

దేశము గెలుచుట మంచిదే. కాని దేశము పేర ఎవరు బరిలో నిలువవలెనో నిర్ణయించుట ఒక తీర్పు. తీర్పు చెప్పు అధికార మెచ్చట నున్నదో అచ్చట న్యాయధర్మము కూడ నుండవలెను. నియమము ముందుగా తెలిసియుండవలెను. ఆ నియమము పేరుగలవానికిని పేరులేనివానికిని ఒక్కటిగా వర్తింపవలెను. నిర్ణయమునకు కారణము చెప్పవలెను. ఈ మూడును లేని ఎంపికలో సమర్థుడే నెగ్గినను అది యదృష్టమే గాని న్యాయము కాదు.

దూరమేల, మన యింటి యుదాహరణమునే తీసికొందము. 2016 అక్టోబరు వరకు కామారెడ్డియు ఎల్లారెడ్డియు నిజామాబాదు జిల్లాలోనివే గదా! ఆ నిజామాబాదు పట్టణమున 1996లో జన్మించిన బాలిక నిఖత్ జరీన్. 2011లో టర్కీ దేశమున జరిగిన బాలికల ప్రపంచ బాక్సింగు పోటీలలో ఆమె స్వర్ణపతకము గెలిచెను. తరువాత భుజమునకు గాయము తగిలి కొంతకాలము వెనుకబడెను. కోలుకొని వచ్చునప్పటికి ఆమె తరగతిలో ఎదుట నిలిచియున్నది సామాన్యురాలు కాదు. ఆరుసార్లు ప్రపంచవిజేతయై, 2012 లండను ఒలింపిక్కులలో కాంస్యపతకము తెచ్చిన మణిపూరు వీరవనిత మేరీ కోమ్.

2019 ఆగస్టులో ప్రపంచపోటీలకు జట్టు నెన్నుకొనునప్పుడు, 51 కిలోల తరగతిలో నిఖతునకు పరీక్షాపోటీ దక్కలేదు. మేరీ కోమ్ పూర్వవిజయములనుబట్టి ఆమెనే పంపిరి. ఆమె అక్టోబరులో రష్యాలో కాంస్యము గెలిచి వచ్చెను. ఒలింపిక్ అర్హతపోటీల విషయమున బాక్సింగు సమాఖ్య యంతకుముందే యొక నియమము చెప్పియుండెను: ప్రపంచపోటీలలో స్వర్ణముగాని రజతముగాని గెలిచిన మహిళలు నేరుగా పోవచ్చును, తక్కినవారు పరీక్షాపోటీకి నిలువవలెను. కాంస్యము ఆ రెంటిలోనిది కాదు. అయినను మేరీ కోమును నేరుగానే పంపుదుమన్న మాట సమాఖ్య పెద్దలనుండి వెలువడెను.

అప్పుడు నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ వ్రాసెను. ఆమె తనకు చోటిమ్మని యడుగలేదు. పోటీ పెట్టుమని మాత్రమే యడిగెను. ఒలింపిక్కులలో ఇరువదిమూడు స్వర్ణములు గెలిచిన అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ సహితము ప్రతిమారును అర్హత నిరూపించుకొనవలసి వచ్చినదని ఆ లేఖలో జ్ఞాపకము చేసెను. ఇరువదిమూడేండ్ల పిల్ల పెద్దలతో నిట్లు వాదించుట గర్వమని కొంద రనిరి. నా వృత్తిలో నేను దీనికి గర్వమని పేరు పెట్టను. విచారణ జరుపకుండ తీర్పు చెప్పవలదని కోరుట ప్రతి కక్షిదారునకును గల హక్కు.

చివరకు నియమము నిలిచెను. 2019 డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలో ఇరువురును తలపడిరి. మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచెను. అర్హతపోటీకి ఆమెయే పోయెను. టోకియోకు కూడ ఆమెయే పోయెను.

ఇచ్చట మీరు నన్ను నిలదీయవచ్చును. "ఓడిపోయినది గదా! మరి యంత రభస వృథాయే గదా!" యని. కాదు, సోదరులారా. వాది ఓడిపోయినంతమాత్రమున వ్యాజ్యము వేయు హక్కు తప్పగునా? ఆ పోటీవలన మేరీ కోమునకు కూడ మేలే కలిగెను. అంతకుముందు ఆమె చోటు పెద్దల దయయని యెవడైన ననవచ్చును. ఆ దినముతరువాత ఆ మాట యనుటకు ఎవనికిని నోరు లేదు. న్యాయమైన పరీక్ష గెలిచినవారి గౌరవమును పెంచును. ఓడినవారికి తమ కొఱత యెంతయో చూపును.

ప్రతిపక్షమున కొక బలమైన దృష్టాంతము కలదు. దానిని దాచుట న్యాయవాదికి తగదు. 1932 ఒలింపిక్కులకు హాకీ జట్టు నెన్నుటకై రాష్ట్రముల నడుమ పోటీలు పెట్టిరి. ధ్యాన్‌చంద్ అప్పుడు సైన్యమున నుండెను. పోటీలకు పోవుటకు ఆయన దళము సెలవీయలేదు. అయినను హాకీ సమాఖ్య ఆయనను పరీక్ష లేకుండనే జట్టులో చేర్చెను. అది తప్పా? నేను తప్పనను. ఆయన పరీక్షకు వెనుదీయలేదు. ఉద్యోగము ఆయనను రానీయలేదు. 1928లో ఆయన ఆట లోకమంతయు చూచియుండెను. రాలేనివానికి మినహాయింపు నిచ్చుట యొకటి. వచ్చి యెదుట నిలిచిన ప్రత్యర్థికి తలుపు మూయుట వేరొకటి. ధ్యాన్‌చందునకు ఇచ్చిన మినహాయింపును నేను మెచ్చుదును. కాని ఆ దయ పేరుపొందినవారికి మాత్రమే ఏల కలుగుచున్నదో కొంచె మాలోచింపుడు. ఈ మాటకు మరల వచ్చెదను.

పేరు, పదవి, ధనము ఎంపికలో చేయిపెట్టిన నేమగునో చెప్పుటకు మన తెలుగువారి కథయే చాలును. 1932లో భారతదేశము తన మొదటి టెస్టు క్రికెట్టు ఆటను లండనులోని లార్డ్సు మైదానమున ఆడెను. జట్టునాయకుడుగా పోయినవాడు పోరుబందరు మహారాజు. కాని తన ఆట తన పదవికి చాలదని ఆయన తెలిసికొని ప్రక్కకు తప్పుకొనెను. నాయకత్వము తెలుగు కుటుంబమువాడు, నాగపూరున జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడుగారికి దక్కెను. నాలుగేండ్లు గడచెను. 1936లో ఇంగ్లండునకు పోయిన జట్టునకు నాయకుడు విజయనగరము మహారాజకుమారుడు. ఈయనయు తెలుగుగడ్డ పేరు ధరించినవాడే. నాయుడుగారు ఆయనక్రింద ఆడవలసి వచ్చెను. టెస్టులు మొదలుకాకమున్నే లాలా అమరనాథును క్రమశిక్షణపేర ఇంటికి పంపివేసిరి. మూడు టెస్టులలో రెండు ఓడి ఒకటి సమానమయ్యెను. ఆ మూడింటను కలిపి నాయకునిగారు చేసిన పరుగులు ముప్పదిమూడు! ఇరువురును రాజవంశీయులే. ఒకడు తన్ను తాను తూచుకొని దిగెను. రెండవవాడు తూకమునకు నిలువలేదు. కాని జట్టు మేలు ఒకని మంచితనముపై ఆధారపడుట యేల? నియమముండిన, పోరుబందరు రాజువంటి సజ్జనుడు లేని దినమున కూడ నాయుడుగారికి న్యాయము జరుగును.

ఇక కారణము చెప్పుటను గూర్చి యొక మాట. 2019లో క్రికెట్టు ప్రపంచకప్పునకు జట్టు నెన్నిన సంఘమునకు అధ్యక్షుడు తెలుగువాడు, గుంటూరివాడు ఎం.ఎస్.కె. ప్రసాద్. చోటు దక్కనివాడును తెలుగువాడే, అంబటి రాయుడు. విజయశంకరు బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడింటను పనికివచ్చునని, మూడు కోణముల ఆటగాడని సంఘము కారణము చెప్పెను. ఆ కారణమును మీ రొప్పినను ఒప్పకున్నను, చెప్పుట మాత్రము మంచిపని. చెప్పిన కారణముతో వాదింపవచ్చును. చెప్పనిదానితో నేమని వాదింతుము? అయితే చెప్పిన కారణమునకు కట్టుబడుట కూడ అవసరము. రాయుడు పేరు అదనపు ఆటగాండ్ర పట్టికలో నుండెను. తరువాత విజయశంకరునకు గాయము తగిలినప్పుడు పిలుపు వచ్చినది ఆ పట్టికలో లేని మయాంక్ అగర్వాలునకు. మయాంకు మూడు కోణముల ఆటగాడని యెవరు ననలేదు. రాయుడు ఆ జూలైలోనే ఆటకు స్వస్తి చెప్పెను. తరువాత ఆ మాటను వెనుకకు తీసికొనెను. ఆయన కోపమునకు మూలము చోటు దక్కకపోవుట మాత్రమే కాదని నా యూహ. పట్టికలో పేరు వ్రాసి, అవసరము వచ్చినప్పుడు ఆ పట్టికనే చూడకపోయిన, దానికి పట్టిక యను పేరేల?

పరీక్షాపోటీ యొక్కటే సర్వరోగనివారిణి యని నేను చెప్పుటలేదు. ఆ దినమున జ్వరము వచ్చిన సమర్థుడు ఓడవచ్చును. అందుచేత 2023లో బాక్సింగు సమాఖ్య ఒకనాటి పోటీకి బదులు కొన్ని వారముల శిక్షణలో అంకములువేసి ఎన్నుకొను పద్ధతిని పెట్టెను. దేశీయ పోటీలలో విజేతలైన ముగ్గురు యువతులకు దానిలో చోటు దక్కక వారు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమునకు పోయిరి. న్యాయస్థానము ఆ ఎంపికను మార్చలేదు. మా వృత్తివారికి ఇది వింతకాదు. న్యాయమూర్తి బరిలోనికి దిగి ఎవరి పిడికిలి బలమైనదో చెప్పడు. నియమమున్నదా, దానిప్రకారము నడిచిరా యని మాత్రమే చూచును. కాబట్టి మందు కోర్టులో వెదకుకొనిన ఆలస్యమగును. జట్టు ప్రకటింపకముందు, నియమము వ్రాయునప్పుడే జాగ్రత్తపడవలెను.

ఇంతవరకు ఢిల్లీలోను లండనులోను పెద్దల తప్పులు చెప్పితిని. ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. పదునైదేండ్ల క్రిందట ఎల్లారెడ్డి వైపున ఒక మైదానమున కబడ్డీ జట్టు నెన్నుటకు నన్నును మరి యిద్దరిని పిలిచిరి. తొమ్మిదిగంటలకని నోటిమాటగా చాటిరి. కాగితముమీద ఎచ్చటను వ్రాయలేదు. పదకొండుగంటలకు మేము పండ్రెండు పేర్లు వ్రాసి సంతకములు చేసితిమి. ఆ పండ్రెండుగురిలో ఇద్దరు ఆనాడు రానేలేదు. వారు మాకు తెలిసినవారు; ఒకడు నా స్నేహితుని తమ్ముడు. "మంచి ఆటగాడే, వ్రాయుడు" అని నేనే చెప్పితిని. మధ్యాహ్నము తండానుండి యొక పిల్లవాడు చెమటలు కక్కుచు వచ్చెను. బస్సు రాక నడచివచ్చెనట. జట్టు అయిపోయినదని చెప్పితిమి. వాడు వాదింపలేదు. నా ముఖము చూచి, "సారూ, నా ఆట జూసిన్రా?" అని మాత్రమడిగెను. నేను కాగితములు సర్దుకొంటిని.

ధ్యాన్‌చందు రాలేకపోయెను, ఆయనకు చోటు దక్కెను. నా స్నేహితుని తమ్ముడు రాలేదు, వానికిని దక్కెను. తండాపిల్లవాడు ఆలస్యముగా నైనను వచ్చెను, వానికి దక్కలేదు. వాని ఆట ఎట్టిదో నేటికిని నాకు తెలియదు. నా తప్పు అదియే. వాడు గొప్ప ఆటగాడు కాకపోవచ్చును. కాని నేను చూడకుండనే తీర్పు చెప్పితిని.

కనుక మిత్రులారా, దేశపు జట్టును గూర్చి వాదించుట మానుడని నేను చెప్పను, వాదింపుడు. కాని ఆ వాదములో సగమైనను మన యూరి జట్టులకై ఖర్చుపెట్టుడు. కామారెడ్డిలోగాని ఎల్లారెడ్డిలోగాని బాలబాలికల జట్టు నెన్నునప్పుడు నియమములను వ్రాసి పదునైదు దినములముందు ఈ పఠనమందిరపు గోడమీదను, బస్సుస్టాండులోను, బడులలోను అంటింపుడు. దూరపు తండాలనుండి వచ్చువారికి రెండవ దినమొకటి యుంచుడు. తమవారు పోటీలో నున్నప్పుడు ఎన్నువారు బల్లదగ్గరనుండి లేచిపోవలెను. ఎవరికెన్ని అంకములు వచ్చినవో జట్టుతోపాటు ప్రకటింపుడు. వీటికి ధనమక్కరలేదు, ఒక కాగితము, కొంత సిగ్గు చాలును. నియమము సరిగా నడిచినతరువాత ఓడినవారు కూడ తలవంచి తీర్పు నంగీకరింపవలెను. అది వారి ధర్మము.

నిఖత్ కథలో చివరిభాగము చెప్పి ముగించెదను. 2022 మేనెలలో ఇస్తాంబులు నగరమున ఆమె ప్రపంచవిజేత యయ్యెను. దేశమంతయు పూలదండలు వేసెను. మరుసటి నెలలోనే కామన్వెల్తు క్రీడలకు పరీక్షాపోటీలు వచ్చెను. మూడేండ్ల క్రిందట మేరీ కోమునకు ఇయ్యజూచిన మినహాయింపునకు ఇప్పుడామెకును అంతే అర్హత యుండెను. ఆమె బరిలోనికి దిగి, గెలిచి, జట్టులో చేరి, బర్మింగుహాములో స్వర్ణము తెచ్చెను. తనకు పేరులేనినాడు అడిగిన నియమమునకు పేరు వచ్చినతరువాత తానును లోబడెను.

ఎల్లారెడ్డి మిత్రుడు ఈ సభలోనే యున్నాడు. అయ్యా, దేశము గెలిచిన చాలదా యని మీరడిగితిరి. చాలదు. మన పిల్లవాడు నడచివచ్చి "నా ఆట జూసిన్రా?" యని యడిగినప్పుడు, "చూచితిమి, బిడ్డా, ఇదిగో కాగితము" అని చెప్పగలుగవలెను. అంతవరకు ఈ రభస యుండవలసినదే.

సెలవు.