పరదేశమున మన విస్తరి

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో మా ఇబ్రహీంపట్నము కలదు. గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మా ఊరికి వచ్చినది. ఊరి చుట్టును ఇంజనీరింగు కళాశాలలు వెలసిన పిదప, పైచదువులకై అమెరికాకును, ఇంగ్లండునకును పోవు పిల్లలు మా వీధులలో పెక్కుమంది. పంపెడు తల్లులు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “అచట మన భోజనము దొరకునా?”

దొరకును. కాని ‘మన’ అను మాటకు అచట అర్థము వేరు. అది యెట్లో కొంచెము విచారింతము.

లండను నగరమున 1810లో పాట్నావాసి షేక్ దీన్ మహమ్మదు ‘హిందూస్తానీ కాఫీ హౌసు’ అను భోజనశాల తెరచెను. మసాలా కూరలును, హుక్కాయును అచటి ప్రత్యేకతలు. రెండేండ్లకే, 1812లో, ఆయన దివాలా తీసెను. 1926లో రీజెంట్ వీధిలో వీరాస్వామి భోజనశాల వెలసెను. పేరు మన దక్షిణాదిదే కాని, స్థాపకుడు ఎడ్వర్డ్ పామర్. ఆయన ముత్తాత జనరల్ విలియం పామర్. ఆ జనరల్ కుమారుడే హైదరాబాదున నిజాము కాలములో పేరుమోసిన పామర్ వ్యాపారసంస్థను నడిపినవాడు.

పిమ్మట బ్రిటనులో ‘ఇండియన్’ అను బోర్డు కట్టిన శాలలలో పెక్కింటిని నడపినవారు నేటి బంగ్లాదేశములోని సిల్హెట్ ప్రాంతీయులు. వారిలో తొలివారు ఓడలలో బొగ్గు వేయుచు, వంట చేయుచు రేవు చేరినవారు. ఉల్లిపాయలు ఉడికించి నూరిన రసమును ముందుగానే పెద్ద గిన్నెలలో సిద్ధపరచి, అడిగినవారికి తగిన మసాలా చేర్చి, క్షణములో కూర అందించు పద్ధతి ఆ వంటశాలలలో స్థిరపడినది. చికెన్ టిక్కా మసాలా బ్రిటనుకు నిజమైన జాతీయ వంటకమని 2001లో ఆ దేశపు విదేశాంగమంత్రి రాబిన్ కుక్ పలికెను. మన పేరిట పుట్టిన కూర వారి సొంతమైనది!

అమెరికాలో న్యూజెర్సీ, టెక్సాసు వంటి రాష్ట్రములలో తెలుగువారే నడుపు భోజనశాలలు కలవు. అచట హైదరాబాదు దమ్ బిర్యానీ దొరకును. గోంగూర మాంసమును దొరకును. మరి జొన్నరొట్టె? పచ్చిపులుసు? ఇవి అరుదు. దీనికి కారణము రుచిలోపము కాదు. బిర్యానీ ఒక్క గుండిగలో వందమందికి దించవచ్చును. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు, వేడినీటితో కలిపి, ఒక్కొక్కటిగా అరచేత తట్టి, అప్పటికప్పుడు కాల్చవలెను, చల్లారిన గట్టిపడును. పచ్చిపులుసన్ననో చింతపండు రసము, ఉల్లి, మిరప, ఉప్పు మాత్రమే. పొయ్యి మీద కాగనైన అక్కరలేదు. ఇంత చౌకదానికి వెల కట్టి అమ్ము వర్తకు డెవడు? కాబట్టి సముద్రము దాటునది పండుగనాటి వంట. దినదినము తిను వంట ఇంటనే నిలిచిపోవును.

అప్పు తెచ్చి చదువుకొను విద్యార్థికి హోటలు భోజనము నిత్యము సాగునది కాదు. అమెరికాలో బిల్లు మీద నూటికి పదునైదు మొదలు ఇరువది వంతు వడ్డించినవారికి అదనముగా ఇచ్చుట ఆచారము. ఆ వడ్డించువాడును తరచుగా మనవలె ఇల్లు విడిచి వచ్చినవాడే. వాని కూర మన ఇంటి కూరవలె లేదని ముఖము చిట్లించుట మర్యాద కాదు. అది వాని బ్రతుకుతెరువు; దూరదేశమున ఆకలిగొన్న వేళ మనకును ఆసరా.

పెట్టెలో పచ్చడి సీసాలు సర్దు తల్లిదండ్రులకు మేము చేయు మనవి ఇది. సీసాలు కొన్ని నెలలలో ఖాళీ యగును. ప్రయాణమునకు ముందు ఒక మాసము, కొడుకైనను కూతురైనను, పిల్లలను పొయ్యి యొద్ద నిలిపి పప్పు వండుట, పులుసు కలుపుట, రొట్టె తట్టుట నేర్పుడు. తొలి రొట్టెలు విరుగును, విరుగనిండు. ఏ భోజనశాలయు అమ్మని భోజనము వారి చేతులలోనే వారి వెంట పోవును.