ముందు ఎండ, తర్వాతే నూనె
(పరిగిలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మొన్న ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మక్కలకు బూజు పట్టింది. నూనె కలిపితే విషం పోతదట కదా?" పోదు తమ్మీ. ఆ మాట చెప్పడానికే ఇవాళ నిలబడ్డ.

నాకూ ఆ దెబ్బ తగిలింది. ఒక ఏడు యార్డులో వానకు తడిసిన మక్కలు కొనేవాళ్లు లేక ఇంటికి తెచ్చిన. బూజు వాసన వస్తున్నా పారేయ మనసొప్పలే, కోళ్లకు వేసిన. వారంలో సగం కోళ్లు పోయినయ్.

ఆ బూజు విషం పేరు అఫ్లాటాక్సిన్. కాలేయాన్ని తింటది, క్యాన్సర్ తెస్తది. ఉడకబెట్టినా పోదు. బర్రె తింటే పాలలోకి వస్తది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజు మక్కలు తిని వంద మందికి పైగా చనిపోయిన్రు. 1995లో మన దక్కన్ పల్లెల్లోనే, వానకు తడిసి బూజు పట్టిన జొన్నలు, మక్కలు తిన్నోళ్లకు కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నయ్. అది ఇంకో బూజు విషం, ఫ్యూమోనిసిన్.

మరి నూనెలు పనికిరావా? వస్తయ్. లవంగ నూనె, వాము నూనె, నిమ్మగడ్డి నూనె బూజు పెరగకుండా ఆపుతయని పరిశోధనల్లో తేలింది. మన అమ్మలు కందిపప్పుకు ఆముదం పట్టించేది పురుగు రాకుండా. పురుగు తొలిచిన గింజలోకి బూజు తేలికగా దూరుతది. అయితే నూనె కావలి లాంటిది. దొంగ ఇల్లు దోచినంక కావలి పెడితే ఏం లాభం? పుట్టిన విషాన్ని నూనె పూత తీసేయదు. తడి గింజకు పూస్తే లోపలి తేమ లోపలే ఉంటది. వేపనూనె విత్తనానికే వాడాలె, తిండి గింజలకు వద్దు.

అందుకే ముందు ఎండబెట్టాలె. నిల్వ చేసే మక్కల్లో తేమ 12 శాతం, పల్లికాయలో 8 శాతం దాటొద్దు. పగిలిన కాయ, రంగు మారిన గింజ ఏరి పూడ్చిపెట్టాలె, పశువులకు వేయొద్దు. సంచులు నేల మీద కాదు, చెక్కల మీద పెట్టాలె.

ఎండబెట్టమంటే ఎక్కడ? రోడ్డు మీదనా? ధాన్యంలో ఈ విషం కిలోకు 15 మైక్రోగ్రాములు దాటొద్దని చట్టం ఉంది. అది కంటికి కనబడదు. పక్కనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ తక్కువ ఖర్చు పరీక్ష పద్ధతి తయారు చేసింది. అది మన యార్డుకు రావాలె. ఊరూరా సిమెంటు కల్లాలు, యార్డులో టార్పాలిన్లు, డ్రైయర్లు కావాలె. తేమ పేరుతో ధర కోసేటోళ్లు తేమ ఆరబెట్టే జాగా కూడా చూపాలె. ఈ సీజన్ కంటే ముందే ఆ అర్జీ మీద అందరం సంతకాలు పెడదాం.