కోబె, పారిస్, దిల్లీ: గచ్చిబౌలి అమ్మాయి మూడు పరుగులు



ముందుగా మూడు ఫలితాలు చెబుతాను. 2024 మే 20, జపాన్‌లోని కోబె. ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్, మహిళల 400 మీటర్లు, టీ20 విభాగం. జీవాంజి దీప్తి 55.07 సెకన్లు, స్వర్ణం, ప్రపంచ రికార్డు. అదే ఏడాది సెప్టెంబర్ 3, పారిస్ పారాలింపిక్స్, అదే పరుగు. 55.82, కాంస్యం. 2025 సెప్టెంబర్, దిల్లీ జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, మళ్లీ ప్రపంచ చాంపియన్‌షిప్స్. 55.16, రజతం.

రంగులు మాత్రమే చూస్తే ఎక్కింది, పడింది, సగం లేచింది అన్నట్టు కనిపిస్తుంది. పారిస్ తర్వాత చాలామంది నోట ఇదే మాట విన్నాను. “ప్రపంచ రికార్డు పెట్టిన అమ్మాయికి మూడో స్థానమేమిటండీ?” అన్నారు. పతకం పక్కనే ఉన్న అంకె జోలికి ఎవరూ పోలేదు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ అంకె గురించి, దాని వెనక ఉన్న మనుషుల గురించి.

పారిస్‌లో స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షులియర్ టైమింగ్ 55.16. ఏడాది తర్వాత దిల్లీలో దీప్తి పరిగెత్తింది కూడా 55.16. సెకనులో నూరో వంతు కూడా తేడా లేదు. ఆ సమయానికి పారిస్‌లో స్వర్ణం దక్కితే దిల్లీలో రజతం దక్కింది. కారణం దిల్లీలో ఆమెతో పోటీపడిన తుర్కియే రన్నర్ ఐసెల్ ఒండర్. ఆమె 54.51లో ముగించి పోటీల రికార్డు పెట్టింది. ఇక దీప్తి కోబె స్వర్ణానికీ దిల్లీ రజతానికీ మధ్య ఉన్నది 0.09 సెకను. ఆమె వేగంతో లెక్కేస్తే ఆ కాస్త సమయంలో సాగేది దాదాపు 65 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల పైచిలుకు. పదహారు నెలల తేడాతో, రెండు వేర్వేరు దేశాల్లో, 400 మీటర్లలో రెండడుగుల తేడా! దాన్ని నేను దిగజారడం అననండి. అంత నిలకడ సాధించడం మామూలు విషయం కాదు.

పారిస్ పరుగు సంగతి దాచను. అది ఆమె స్థాయికి తగ్గ పరుగు కాదు. ముందు రోజు హీట్స్‌లో 55.45 చేసిన అమ్మాయి ఫైనల్లో 55.82కి ఆగింది. కోబెలో చేసిన సమయమే మళ్లీ చేసి ఉంటే పారిస్‌లో స్వర్ణం ఆమెదే. ఆ బాధ ఆమెకూ కోచ్‌కూ ఉండే ఉంటుంది. అయినా ఆ కాంస్యానికి దాని విలువ దానికి ఉంది. మేధో వైకల్యం ఉన్న భారతీయ క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం అందుకున్న తొలి వ్యక్తి ఆమె. అంతకుముందు ఆ తలుపు మన దేశంలో ఎవరూ తెరవలేదు.

ఈ విభాగం ఎంత వేగంగా మారిపోయిందో కూడా చూడండి. 2021లో టోక్యో పారాలింపిక్స్‌లో అమెరికా రన్నర్ బ్రియానా క్లార్క్ 55.18తో ప్రపంచ రికార్డు పెట్టింది. 2023లో ఆమే 55.12కి తగ్గించింది. 2024 మేలో దీప్తి 55.07. సెప్టెంబర్‌లో పారిస్ హీట్స్‌లోనే ఒండర్ 54.96. మన అమ్మాయి రికార్డు నాలుగు నెలలు కూడా నిలవలేదు. పోటీ అంతలా పెరిగిన చోట వరసగా మూడు పెద్ద వేదికల మీదా పోడియం ఎక్కడం ఎంత కష్టమో, జట్టుగా పనిచేసే మీకు నేను చెప్పనక్కర్లేదు.

దేశాల పట్టికలోనూ ఇదే తికమక. కోబెలో మన దేశానికి 17 పతకాలు వచ్చాయి. 6 స్వర్ణాలు, 5 రజతాలు, 6 కాంస్యాలు, ఆరో స్థానం. దిల్లీలో 22 వచ్చాయి. 6 స్వర్ణాలు, 9 రజతాలు, 7 కాంస్యాలు, పదో స్థానం. అయిదు పతకాలు పెరిగాయి, నాలుగు మెట్లు దిగాం. పట్టికను ముందు స్వర్ణాలను బట్టి పేరుస్తారు, అందుకే అలా జరుగుతుంది. రెండో స్థానంలోకి వచ్చినవాళ్లు ఎంతమంది పెరిగినా, స్వర్ణాలు పెరగకపోతే ఆ పెరుగుదల పట్టిక పైకి కనిపించదు. నా దృష్టిలో దిల్లీ పోటీల అసలు వార్త ఆ తొమ్మిది రజతాలే. అంతకు రెండేళ్ల ముందు పారిస్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మనకు అన్ని పతకాలూ కలిపి పది.

ఇప్పుడు టీ20 అంటే ఏమిటో చెప్పాలి. క్రికెట్ ఊళ్లో ఆ మాట వినగానే ఉప్పల్ స్టేడియం గుర్తొస్తుంది కాబట్టి తప్పదు. పారా అథ్లెటిక్స్‌లో టీ అంటే ట్రాక్. పది దాటిన అంకెలు చూపు తక్కువైనవాళ్లవి. ముప్ఫైల్లోవి కండరాల మీద అదుపు తక్కువైనవాళ్లవి, నలభైల నుంచి అవయవ లోపాలవి, యాభైల్లోవి చక్రాల కుర్చీవి. మేధో వైకల్యానికి మొత్తం ఒకే ఒక్క అంకె, ఇరవై. తక్కువ, ఎక్కువ అన్న తరగతులు లేవు. పారాలింపిక్స్‌లో వాళ్లకున్న పరుగులు రెండే, 400, 1500 మీటర్లు. కృత్రిమ కాలు ఉండదు, పక్కన చెయ్యి పట్టుకుని పరిగెత్తే గైడ్ ఉండడు. అందుకే టీవీలో చూసేవాళ్లకు వైకల్యం ఎక్కడుందో అర్థం కాదు.

అది 400 మీటర్ల పరుగు స్వభావంలోనే ఉంది. వంద మీటర్లయితే తుపాకీ పేలగానే ఉన్నదంతా పెట్టి పరిగెత్తొచ్చు. నాలుగు వందలకు అలా కుదరదు. ఎంత శిక్షణ ఉన్నవాళ్లయినా చివరి వంద మీటర్లలో వేగం పెంచలేరు. కాళ్లు దిమ్మెల్లా బిగుసుకుపోతాయి, అందరూ నెమ్మదిస్తారు, వారిలో తక్కువ నెమ్మదించినవాళ్లు గెలుస్తారు. కాబట్టి మొదటి రెండు వందల్లో ఎంత ఖర్చు పెట్టాలి, ఎంత దాచుకోవాలి అనేది పరిగెడుతూనే తేల్చుకోవాలి. లేన్లు మొదట్లో వంపు కోసం ముందూ వెనకా ఉంటాయి, అందువల్ల బయటి లేన్‌లోవాళ్లకు పక్కవాళ్లు ఎక్కడున్నారో కనపడదు. ఆ లెక్క తలలో ఉంచుకోవడం, అరుపుల మధ్య దాన్ని మరిచిపోకుండా ఉండటం, ఎవరో దాటిపోతే బెదరకపోవడం... మేధో వైకల్యం సరిగ్గా ఈ పనుల్లోనే అడ్డుపడుతుంది. నేర్పిన కోచ్ స్టాండ్స్‌లో ఉంటాడు. ట్రాక్ మీద ఆమె ఒక్కతే.

ఈ విభాగానికి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు మేధో వైకల్య విభాగంలో స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని పన్నెండు మందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. దాంతో ఆ విభాగం పతకాల పోటీలను మొత్తంగా తీసేశారు. 2004లో లేవు, 2008లో లేవు. కొత్త పరీక్షలు రూపొందించాక 2012లో లండన్‌లో కొన్ని పోటీలతో తిరిగి వచ్చాయి. మహిళల 400 మీటర్లు టీ20 అయితే 2016 రియోలో మొదలైంది. కొందరి మోసం ప్రపంచమంతటా నిజంగా అర్హులైన పిల్లల పన్నెండేళ్లను తినేసింది. ఈ రోజు ఈ విభాగంలో సర్టిఫికెట్ కోసం సైకాలజిస్టు నివేదికలు, బడి రికార్డులు, చిన్నప్పటి వివరాలు అన్నీ అడుగుతారంటే కారణం అదే. అడగాలి కూడా.

కానీ ఆ కాగితాలన్నీ ఒక పల్లెటూరి కుటుంబం ఎలా సంపాదిస్తుంది?

దీప్తిది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. తల్లిదండ్రులు యాదగిరి, ధనలక్ష్మి కూలి పని చేసుకునేవాళ్లు. ఉన్న కొద్దిపాటి పొలం అవసరానికి అమ్ముకున్నారు. గ్రహణం నాడు పుట్టిందని, మాట సరిగా రాదని ఆ పిల్లను ఊళ్లో ఎన్నెన్ని మాటలన్నారో తల్లిదండ్రులే తర్వాత చెప్పారు. అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారట. బడిలో పీఈటీ సారు ఆ అమ్మాయి పరుగు గమనించారు. తర్వాత ఆమె భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కోచ్ నాగపురి రమేశ్ కంట పడింది. హైదరాబాద్ పంపండి, నేను నేర్పిస్తాను అని ఆయనంటే, బస్సు కిరాయికి డబ్బుల్లేవు. ఆ కిరాయి కూడా ఎవరో ఒకరు భరిస్తేనే గచ్చిబౌలికి రాగలిగింది. మొదట్లో ఆమె మామూలు విభాగంలోనే పరిగెత్తేది. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ చూసి, ఒకసారి పరీక్ష చేయించమని సూచించారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. అక్కడ పరీక్షించాక ఆమె పారా అథ్లెటిక్స్‌కు అర్హురాలని తేలింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69తో ఆసియా రికార్డు, స్వర్ణం. ఆ నగదు బహుమతితో ఆ కుటుంబం అమ్ముకున్న పొలాన్ని మళ్లీ కొనుక్కుంది. 2024 సంవత్సరానికి ఆమెకు అర్జున అవార్డు వచ్చింది.

ఇందులో ఎన్ని లంకెలున్నాయో గమనించండి. గుర్తించే కన్నున్న పీఈటీ సారు, ఒక కోచ్, ఒక బస్సు టికెట్, సరైన సమయంలో ఒక సలహా, దగ్గర్లోనే ఒక జాతీయ సంస్థ. ఒక్కటి తెగినా కోబె లేదు. దీప్తి ప్రతిభ ఎంత గొప్పదైనా, ఈ గొలుసు మాత్రం అదృష్టం మీద నడిచింది. అదే నన్ను కలవరపెడుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బడుల్లో “మొద్దు” అనిపించుకుని చివరి బెంచీలో కూర్చున్న పిల్లల్లో టీ20 అనే విభాగం ఒకటుందని ఎవరి సారుకు తెలుసు?

ఇక మన గచ్చిబౌలి. మీలో చాలామంది ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తేవాళ్లే. ముగింపు గీత ఉండేది జీఎంసీ బాలయోగి స్టేడియంలో. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం అది. సైబర్ టవర్స్ ప్రారంభమైన నాలుగేళ్లకు. 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు దాని మీదే జరిగాయి. చుట్టూ అద్దాల మేడలు లేవక ముందునుంచీ అక్కడ పొద్దున్నే పిల్లలు పరిగెడుతూనే ఉన్నారు. రమేశ్ ఒక్కరి చేతి కింద తయారైనవాళ్లనే చూడండి. విశాఖ నుంచి వచ్చిన జ్యోతి యర్రాజీ 2016 తర్వాత కొంతకాలం ఆయన దగ్గరే ఉంది. వేరే కోచ్‌లతో ఎదిగి, 2025లో కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్స్ వంద మీటర్ల హర్డిల్స్‌ను వానలో 12.96లో గెలిచింది, అది ఆ పోటీల రికార్డు. టీ కొట్టు నడిపే తండ్రి కూతురు, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని నందిని అగసర హెప్టాథ్లాన్‌లో రమేశ్ శిష్యురాలే. గుమిలో 5941 పాయింట్లతో స్వర్ణం. అంతకుముందు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 5712తో కాంస్యం గెలిచినప్పుడు నాలుగో స్థానానికీ ఆమెకూ తేడా నాలుగు పాయింట్లు. ఏడు అంశాలు, రెండు రోజులు, చివరికి 800 మీటర్ల పరుగులో సెకనులో మూడో వంతు పాటి తేడా.

ఈ సభకు నేను రావడానికి ఒప్పుకున్నది ఒక అభ్యర్థన కోసం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో గ్రామీణ క్రీడలు, ఒలింపిక్ క్రీడలతో పాటు పారాలింపిక్ క్రీడల శిక్షణ కూడా స్పష్టంగా రాసి ఉంది. ఈ ఐటీ కారిడార్‌లోని పెద్ద కంపెనీలకు ఇది వర్తిస్తుంది. పోడియం దిగినవాళ్లకు చెక్కులివ్వడానికి చాలామంది ముందుకొస్తారు, మంచిదే. నేనడిగేది అంతకు ఆరేడేళ్ల ముందు పెట్టాల్సిన డబ్బు. అది పెద్ద మొత్తం కూడా కాదు. జిల్లా మీట్‌కు వచ్చే పిల్లల బస్సు కిరాయి, ఒక సైకాలజిస్టు చేసే పరీక్ష ఫీజు, పీఈటీ సార్లకు పారా వర్గీకరణ మీద రెండు రోజుల శిక్షణ, ఒక జత స్పైక్స్.

మీ సీఎస్ఆర్ కమిటీలో కూర్చునేవాళ్లు ఈ హాల్లో కొందరున్నారని నిర్వాహకులు చెప్పారు. వాళ్లు వెళ్లే ముందు ఒక్క అయిదు నిమిషాలు నాతో మాట్లాడితే, వచ్చే విద్యా సంవత్సరం ఏ జిల్లాతో మొదలుపెట్టొచ్చో ఇక్కడే అనుకుందాం. నేనైతే వరంగల్ పేరే ముందు చెబుతాను. మిగతావాళ్లు ప్రశ్నలడగండి.